లొట్టిపిట్టకు పడని ఓట్లు

కనుమ నాడు భోజనాలయ్యాక ఊరంతా పేకాటలో మునిగితే మా ఇంట్లో మాత్రం ముక్కలు బయటికి తియ్యరు. మా నాన్నగారు పెట్టిన నిషేధం అది. ఆయన పోయి ముప్ఫై ఏళ్ళయినా ఎత్తెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆ ఖాళీలోకి నాలుగేళ్ళ కిందట మా అమ్మాయి డాలస్ నుంచి ఒక ఆట పట్టుకొచ్చింది. అక్కడి ఇళ్ళలో ఎప్పట్నించో ఆడుకునేదేనట, డిక్షనరీ ఆట అంటారట. 1984లో కెనడాలో దానికి బాల్డర్‌డాష్ అని పేరు పెట్టి అట్టపెట్టెలో అమ్మడం మొదలెట్టారు గానీ, నిజానికి దీనికి పెట్టె అక్కర్లేదు. ఒక నిఘంటువు, కొన్ని చీటీలు, అబద్ధం ఆడ్డానికి సిగ్గుపడని నలుగురు మనుషులు ఉంటే చాలు.

ఒకళ్ళు నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఎవరికీ తెలియని మాట వెతుకుతారు. దాని అసలు అర్థం ఒక చీటీ మీద రాసుకుంటారు. మిగిలినవాళ్ళు తలా ఒక బొంకు అర్థం రాసి డబ్బాలో వేస్తారు. అన్నీ కలిపి చదివాక ఏది నిజమో పోల్చుకోవాలి. మన బొంకు ఎంతమంది నమ్మితే మనకి అన్ని మార్కులు. మాట ముందే తెలిసినవాళ్ళు ఆ సంగతి ఒప్పుకుని పక్కకి జరగాలి. పిల్లలు దీనికి బొంకాట అని పేరు పెట్టేశారు. చీటీలకి పాత క్యాలెండరు కాగితాలు, డబ్బాకి జంతికల డబ్బా. అందుకే మా ఇంట్లో ప్రతి అర్థానికీ వాము వాసన వేస్తుంది.

నేను ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. రిటైరయ్యాక ధనుర్మాసంలోనూ కార్తీకంలోనూ కోనసీమ గుళ్ళలో పురాణం చెబుతున్నాను. ఇంట్లో నిఘంటువంటే బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరం. 1885లో వచ్చిన పుస్తకం. నా దగ్గరున్నది తర్వాతి ముద్రణే అనుకోండి, అట్ట ఊడిపోతే గోధుమరంగు గుడ్డతో కుట్టించాను. దాని పక్కన ఇంకో నాలుగైదు కోశాలు. ఈ ఆటలో నన్ను చేర్చుకోవడం అన్యాయమని మొదట్లో అందరూ గొడవపెట్టారు. నాకు అర్థాలన్నీ తెలిసిపోతాయని వాళ్ళ భయం. అసలు భయపడవలసింది దానికి కాదని మూడో ఏడు గానీ తేలలేదు.

ఆ ఏడు మొదటి మాట నేనిచ్చాను: లొట్టిపిట్ట. డబ్బాలోంచి చీటీలు ఒక్కొక్కటే తీసి చదివాను. కల్లు లొట్టి మీద వాలి ఈగల్ని తినే పిట్ట. వరిచేలో లొట్టలేస్తూ అరిచే పిట్ట. కుళ్ళిన తాటిబోదెలో గూడు పెట్టే పిట్ట. మా అల్లుడు కాస్త ఆలోచించి, పందెంలో ఓడిపోయిన కోడి అని రాశాడు. వీటి మధ్యలో నా చీటీ: ఒంటె. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పడీ పడీ నవ్వారు. ఇంత తెలివితక్కువ బొంకు ఎవరు రాశారని వెతికారు. దానికి ఒక్క ఓటు పడితే ఒట్టు. నిఘంటువు తిప్పి చూపించాక కూడా మా చిన్న మనవడు నమ్మలేదు. “పిట్ట అని పేరులోనే ఉంటే ఒంటె ఎలా అవుతుంది తాతయ్యా? వాళ్ళే తప్పు రాసుంటారు” అన్నాడు.

నిజం అలాంటిదే. తనని నమ్మమని చిన్న సాయం కూడా చెయ్యదు. బొంకు పాపం చాలా కష్టపడుతుంది. మాటలో ఉన్న ప్రతి అక్షరానికీ జవాబు చెప్పుకుని, తల దువ్వుకుని వస్తుంది.

తర్వాతి మాట మా పెద్ద మనవరాలు తీసింది. దానికి పదిహేనేళ్ళు. శబ్దరత్నాకరం ముట్టుకోకుండా అరలోంచి మాండలిక వృత్తి పదకోశం లాగింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మొదటి సంపుటం, వ్యవసాయం మాటలది. “జడ్డిగం” అంది. నాకు తెలియదు. గోదావరి డెల్టాలో పుట్టి ఊడ్పులు తప్ప ఇంకోటి ఎరగనివాణ్ణి. మా కోడలిది ఆదోని అవతల పల్లె. అది నవ్వుకుని, “నాకు తెలుసు, నేను ఆడను” అని గోడకి జరిగి కూచుంది.

నేను రాసింది ఇది: “జడ్డిగము: జడత్వమును డిగ్గజేయునది. శొంఠి, పిప్పళ్ళు, వాము చేర్చి కాచు కషాయము. బాలింతకు నాలవనాడు ఇచ్చెదరు.” డిగ్గడమంటే దిగడం, అది అసలైన తెలుగే. జడత్వం సంస్కృతం. రెంటినీ కలిపి కుట్టిన కుట్టు కనబడకుండా నాలుగో నాడు అని ఒక తేదీ తగిలించాను. తేదీ ఉంటే జనం నమ్ముతారు. ఐదుగురికి ఐదు ఓట్లూ నాకే. మా ఆవిడ ఆటలో లేదు, చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. అదీ తలెత్తి, “మా మేనత్త కాచేదండీ అలాంటిది” అంది.

అప్పుడు కోడలు లేచింది. జంతికల డబ్బా మూత బోర్లించి రెండు కాళ్ళ మధ్య పెట్టుకుంది. “ఇదీ జడ్డిగం, మామయ్యా. కొయ్య గిన్నె. అడుగున చిల్లులుంటాయి, గొర్రుకి ఎన్ని పళ్ళుంటే అన్ని. ఒక్కో చిల్లులోంచి ఒక్కో వెదురు గొట్టం పంటి దాకా దిగుతుంది. ఎద్దులు ముందు పోతా ఉంటే మా అమ్మ వెనక నడుస్తా ఈ గిన్నెలో విత్తనం పోసేది” అని పిడికిలి బిగించి చూపించింది. బొటనవేలి పక్కన చిన్న సందు వదిలి, మణికట్టు గుండ్రంగా తిప్పుతూ, లేని విత్తనాన్ని లేని చిల్లుల్లోకి సమంగా రాల్చింది. “చెయ్యి ఒక పక్కకి వాలిందా, ఒక సాలులో ఒత్తుగా పడి పక్క సాలు బోసిపోతుంది. మొలక వచ్చినాక ఊరంతా చూసి నవ్వుతారు.” అందరూ ఆ పిడికిలి వంకే చూస్తున్నారు. నా కషాయం సంగతి ఎవరికీ గుర్తులేదు.

మనవరాలికి గుర్తుంది. చీటీలు సర్దుతూ మామూలుగా అడిగింది: “తాతయ్యా, గుళ్ళో కూడా ఇలాగే చెప్తావా?”

నేను పాత చేతివాటం మానలేదు. ఉపనిషత్తులోకి దూకాను. బృహదారణ్యకంలో ప్రజాపతి దగ్గర చదువు ముగించుకున్న దేవతలూ, మనుషులూ, అసురులూ ఒక ఉపదేశం చెయ్యమని అడిగితే ఆయన ముగ్గురికీ ‘ద’ అనే ఒక్క అక్షరమే చెప్పాడు. మమ్మల్ని నిగ్రహించుకోమన్నావని దేవతలు అర్థం చేసుకున్నారు. దానం చెయ్యమన్నావని మనుషులు. దయ చూపమన్నావని అసురులు. మూడు చీటీలు, మూడూ నిజమే, ఆయన ముగ్గురికీ ఔననే అన్నాడు. కాబట్టి అమ్మలూ, పవిత్రమైన మాట దగ్గర ఎవరికి ఏది కావాలో ఆ అర్థమే పుడుతుంది, అని ముగించాను. గుళ్ళో అయితే ఇక్కడ చప్పట్లు పడతాయి.

“అక్కడ ‘ద’ అన్నాయనే కూచుని ఔనన్నాడు కదా. నీకెవరు ఔనన్నారు?” అంది అది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. అరిసెల మీద నెపం పెట్టాను గానీ అరిసెలు కావు.

మాటని విరిచి అర్థం పిండే విద్య మాకు ఈనాటిది కాదు. యాస్కుడు నిరుక్తంలో అగ్ని శబ్దానికి ఒక అర్థంతో ఊరుకోలేదు. ముందు నడిచేది అన్నాడు, యజ్ఞాల్లో ముందుగా తీసుకుపోబడేది అన్నాడు, దేన్నయినా తనలో కలుపుకునేది అన్నాడు. తడపనిది, అంటే ఎండగొట్టేది అని స్థౌలాష్ఠీవి మతం. మూడు క్రియల్లోంచి ముక్క ముక్క తెచ్చి అతికితే వచ్చిన మాట అని శాకపూణి మతం. ఒక్క మాటకి ఇన్ని చీటీలు. పైగా ఏ మాటనీ నిర్వచనం చెప్పకుండా వదలకూడదనీ, ఇంకేమీ దొరక్కపోతే ఒక అక్షరం పోలికైనా పట్టుకోవాలనీ ఆయన నియమం. ఖాళీ చీటీ వెయ్యకూడదన్నమాట. నా వృత్తికి తాతముత్తాత ఆయనే అని చాలాకాలం గర్వపడ్డాను. కానీ ఆయన చీటీల మీద ఎవరిది ఏ మతమో పేర్లున్నాయి. నేను పేరు పెట్టకుండా పెద్దలంటారు అని మొదలెడతాను. ఆ పెద్దలు ఎవరో ఒక్కొక్కప్పుడు నేనే.

అర్ధరాత్రి దాటాక లేచి కుమారిల భట్టు తంత్రవార్తికం తీశాను. ఆయనది 7వ శతాబ్దం అంటారు. ఒకచోట ఆయన సంస్కృతం వచ్చినవాళ్ళు ద్రవిడ భాషల మాటలు విన్నప్పుడు ఏం చేస్తారో చెబుతాడు. అన్నాన్ని అక్కడివాళ్ళు చోర్ అంటే, వీళ్ళు దాని తోకకి ఒక అచ్చు తగిలించి చోర అని దిద్దుకుంటారు, దొంగ. దారిని అతర్ అంటే అతర అనుకుంటారు; ఔను, దాటరానిదే కదా దారి అని తలూపుతారు. పాముని పాప్ అంటే పాప అనుకుని, నిజమే, అది పాపిష్ఠిదే అంటారు. కడుపుని వైర్ అంటే వైరి అని సరిచేసి, ఆకలిగొన్నవాడి చేత చెయ్యరాని పనులన్నీ చేయించేది అదే కాబట్టి కడుపు శత్రువే అని సిద్ధాంతం చేస్తారు. ఇరుగుపొరుగు భాషలకే ఇంత చేస్తే పారసీకుల మాటలకీ యవనుల మాటలకీ ఏం గతి పట్టిస్తారో అని ఎగతాళి చేస్తాడు. మన పాము కూడా ఆ జాబితాలో చిక్కుకుంది చూడండి. వాళ్ళు చేసిందీ నేను జడ్డిగానికి చేసిందీ ఒకటే పని. మాటని దాని ఊరినుంచి ఎత్తుకొచ్చి, మన ఇంటి బట్టలు కట్టి, చుట్టం అని పరిచయం చెయ్యడం.

ఆ మాటకొస్తే తెలుగుకి త్రిలింగమని చెప్పేదాంట్లోనూ ఆ దర్జీ కుట్టే ఉందని భాషాశాస్త్రం వాళ్ళు చాలామంది అంటారు. శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం పేర్లు చెప్పి నేనూ ఎన్ని సభల్లో తల ఎగరేశానో లెక్కలేదు. అది వదులుకోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

కుమారిలుడు ఆ ఎగతాళి ఊరికే చెయ్యలేదు. పూర్వమీమాంసలో అక్కడ నడుస్తున్న చర్చ ఇది. వేదంలో పిక, నేమ, సత, తామరస లాంటి కొన్ని మాటలున్నాయి. ఆర్యుల వాడుకలో వాటికి అర్థం లేదు. మ్లేచ్ఛులు వాడతారు. మరి మనం వ్యాకరణం, నిరుక్తం పట్టుకుని ధాతువులు విరిచి అర్థం కట్టుకోవాలా, మ్లేచ్ఛుల నోట ఉన్న అర్థమే తీసుకోవాలా? వేదం అపౌరుషేయం, శబ్దానికీ అర్థానికీ సంబంధం ఎవరూ కల్పించింది కాదు అని పట్టుబట్టే మతం మీమాంసకులది. అలాంటివాళ్ళు ఏమంటారనుకుంటాం? మ్లేచ్ఛుల అర్థమే తీసుకోవాలని తేల్చారు. మీమాంస సూత్రాలకి భాష్యం రాసిన శబరస్వామి చెప్పిన కారణం నాకు మరీ ఇష్టం: పక్షుల్ని పట్టడంలో, పెంచడంలో వాళ్ళ నేర్పే ఎక్కువ. పిక అంటే కోకిల అని కోకిలని చేత్తో పట్టినవాడికి తెలుస్తుంది.

నేమ అంటే సగం. తామరస అంటే తామర. ఇక నాలుగోది, సత. శబరస్వామి ప్రకారం నూరు చిల్లులున్న గుండ్రటి కొయ్య పాత్ర. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను. నిన్న మధ్యాహ్నం మా కోడలి మోకాళ్ళ మధ్య ఉన్నది ఏమిటి మరి? చిల్లుల కొయ్య గిన్నే. పండితుడికి తెలియదు, వాడుకున్నదానికి తెలుసు, పండితుడు కషాయం కాచాడు. ఆ వృత్తి పదకోశం వాళ్ళు జిల్లా జిల్లాకీ మనుషుల్ని పంపి రైతుల్ని అడిగి రాసుకున్నారు. మీమాంసకుల తీర్పుని అమలు చేసినట్టే.

ఇదే కుమారిలుడి గురించి ఒక కథ కూడా ఉంది. బౌద్ధుల రహస్యాలు నేర్చుకోవడానికి బౌద్ధుడి వేషం వేసుకుని వాళ్ళ దగ్గర చేరాడట. అంటే బొంకాట ఆయనా ఆడాడు. పట్టుబడితే మేడమీద నుంచి తోసేశారు. వేదాలే ప్రమాణమైతే నేను బతుకుతాను అనుకుంటూ పడ్డాడు. బతికాడు గానీ ఒక కన్ను పోయింది. ‘అయితే’ అని సందేహించినందుకట. ఒక్క ‘అయితే’కి ఒక కన్ను ఖరీదైతే, నా లెక్కకి నాకున్నవి సరిపోవు.

ఎందుకంటే నా దగ్గర జడ్డిగం కన్నా పెద్దది ఒకటుంది. చాలా ఏళ్ళ కిందట ఒక ఊరి గుళ్ళో గోపురం మరమ్మత్తుకి విరాళాలు కావాలి, పురాణం మధ్యలో రెండు ముక్కలు చెప్పమన్నారు. ముందుగా అనుకోలేదు. నోటికొచ్చింది: “హుం అనేది అహంకారాన్ని దహించే బీజాక్షరం. ఆ హుం ఉండే చోటు హుండీ. అది డబ్బు వేసే చోటు కాదమ్మా, అహం వేసే చోటు.” జనం ఊగిపోయారు. వర్తకులు ఒక ఊరినుంచి ఇంకో ఊరికి డబ్బు పంపుకోవడానికి రాసుకునే చీటీని హుండీ అంటారని ఆ క్షణంలో కూడా నాకు తెలుసు. తెలిసే అన్నాను. రెండేళ్ళ తర్వాత ఆ గుడికి వెళితే హుండీ మీద పసుప్పచ్చ పెయింటుతో ఆ మాటలే ఉన్నాయి. కింద “శాస్త్ర వచనం” అని కూడా రాయించారు.

మనవరాలి ప్రశ్నకి జవాబు మీమాంసలో దొరికింది కదా, వెళ్ళి దాన్ని చెరిపించేస్తే సరి అనుకున్నాను. మాట ఎవరి చేతిలో నలిగిందో వాళ్ళదే అర్థం. అంతా బాగానే ఉంది, పీచు పనికి వెళ్ళే ఒకావిడ లేకపోతే.

ఆవిడ ఆ గుడికి రోజూ వస్తుంది. కొబ్బరి పీచు దులిపీ దులిపీ చేతులు గోధుమరంగుకి తిరిగిపోయాయి. ఒక ధనుర్మాసంలో నా దగ్గరికొచ్చి చెప్పింది: “కోడలితో మాట పట్టింపొచ్చిందంటే రూపాయి బిళ్ళ పట్టుకొచ్చేత్తానండి. ఇదుగో నా అహం అని అందులో పడేసి ఎల్లిపోతానండి. శానా తేలికవుద్దండి బాబూ.” రూపాయి వేసినప్పుడు ఖంగుమని శబ్దం వస్తుందట, ఆ శబ్దం దాకా ఆగుతుందట. ఆ మాటతో బతుకుతున్నది ఆవిడ. శబరస్వామి లెక్క ప్రకారం ఆవిడనే అడగాలి. ఆవిడని అడిగితే నా బొంకే నిజమవుతుంది.

నైయాయికులు దీనికి దారి చూపించకపోలేదు. మాటకి అర్థం ఒకరు పెట్టిన సంకేతం. అందులో మనుషులు కొత్తగా పెట్టుకునేవీ ఉంటాయి, దాన్ని ఆధునిక సంకేతం అంటారు. పిల్లవాడికి పేరు పెట్టడం లాంటిది. ఆ లెక్కన నేనూ, ఆవిడా కలిసి హుండీకి ఒక పేరు పెట్టుకున్నాం, తప్పేముంది? కానీ ఆ న్యాయం వాళ్ళే ఇంకోటీ అన్నారు: శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పేవాడు ఆప్తుడు కావాలి. చూసినదాన్ని చూసినట్టు చెప్పాలనుకునేవాడు. న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇంకో అడుగు వేసి ఆ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమే అన్నాడు. అంటే పీచు పనావిడ ఆప్తురాలే, తనకి తేలికవడం తను చూసింది. మా కోడలు ఆప్తురాలే, గొర్రు వెనక నడిచింది. ముగ్గురిలో తక్కువ పడ్డవాణ్ణి నేను. హుం ఎవరి అహాన్నీ దహించగా నేను చూడలేదు. నాదైతే అసలు చూడలేదు.

కోకిలకైతే బోయవాడున్నాడు. జడ్డిగానికి ఆదోని కోడలుంది. మోక్షం, ఆత్మ, ప్రాప్తం, వీటికి ఎవరున్నారు? ఎవరి అరచేతిలో అవి నలిగాయో తెలిస్తే వెళ్ళి అడగనా? మా అమ్మ జీవితమంతా ప్రాప్తం అనే మాట వాడింది. పాలు విరిగినా ప్రాప్తమే, మా చెల్లెలు పోయినప్పుడూ ప్రాప్తమే. దాని వ్యుత్పత్తి ఆమెకి తెలియదు, నాకు తెలుసు. అర్థం నాకు తెలియదు. ఆ మాట అనేటప్పుడు కొంగుతో నోరు తుడుచుకునేది, మాట చేదుగా ఉన్నట్టు. నేను పురాణంలో ఆ మాట వచ్చినప్పుడు ఇరవై నిమిషాలు చెబుతాను. అమ్మ తుడుచుకోవడం మాత్రం చెప్పలేను.

ఇప్పుడు పురాణంలో ఒక అలవాటు చేసుకున్నాను. నేను కట్టిన వ్యుత్పత్తి అయితే ముందే “ఇది నా కల్పన, సరదాకి” అంటున్నాను. అలా అన్నప్పటినుంచీ ఆ ముక్కలకి చప్పట్లు తగ్గాయి. శాలువాలూ కాస్త తగ్గాయి. మా ఆవిడ నన్నేమీ అనలేదు గానీ, ఆ నాలుగో నాటి కషాయం మా మేనత్త కాచింది నిజమేనండీ అని ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

మొన్న ముక్కోటికి ఆ ఊరు వెళ్ళినప్పుడు ధైర్యం చేసి కమిటీ పెద్దాయన దగ్గర కూచున్నాను. హుండీ మీద ఉన్నది శాస్త్రం కాదనీ, నేను ఆశువుగా కల్పించినదనీ చెప్పాను. ఆయన కోప్పడలేదు. హుండీ వంక, నా వంక చూసి, “పోన్లెండి మాస్టారూ, ఎలాగూ పెయింటు వెలిసింది. అసలు అర్థం ఏమిటో రాసివ్వండి, అదే రాయిస్తాను” అని రసీదు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్ను చేతిలో పెట్టాడు.

క్యాలెండరు చీటీ అంతే ఉంది ఆ కాగితం. కాసేపు పట్టుకుని కూచున్నాను. అవతల పీచు పనావిడ ప్రదక్షిణ చేస్తోంది, పిడికిట్లో ఏదో ఉంది. హుం, అహం, బీజాక్షరం అన్నీ వచ్చి పెన్ను చివర నిలబడ్డాయి. చివరికి రాసిచ్చాను: “హుండీ: గుడిలో డబ్బులు వేసే పెట్టె.”

ఆయన రెండుసార్లు చదివాడు. కాగితం తిప్పి వెనక ఏమైనా ఉందేమోనని చూశాడు.

“ఇదెవడు నమ్ముతాడండీ?” అన్నాడు.